తాళంచెవి ఎవరి చేతిలో?

క్రీ.శ. 1687లో ఔరంగజేబు సైన్యం గోలకొండను ముట్టడించి సుమారు ఎనిమిది నెలలపాటు కోట వెలుపలనే నిలిచిపోయింది. ఫిరంగులు ఆ గోడలను లొంగదీయలేకపోయాయి. చివరకు ఒక రాత్రి లోపలి సేనానులలో ఒకడు లంచానికి లొంగి ద్వారం తెరిపించాడని చరిత్రకారులు వ్రాశారు. గోడ ఎంత దృఢమైనదైనా, ద్వారం ఎవరి అధీనంలో ఉన్నదనే ప్రశ్న వద్దనే కోట భవిష్యత్తు తేలిపోయింది. ఈ పాత సత్యం నేటి కంప్యూటర్ వ్యవస్థలకు ఎట్లా వర్తిస్తుందో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

తెలుగు బోధించే ఉపన్యాసకునికి ఈ యంత్రాల ప్రసంగం ఏల అని విద్యార్థులు ఆశ్చర్యపడవచ్చు. కారణం లేకపోలేదు. కొన్నేళ్ళ క్రితం నేను పనిచేసిన ఒక కళాశాలలో, ఉపకారవేతనాల దరఖాస్తుకు గడువు ముగిసే రోజున నెట్‌వర్క్ ఆగిపోయింది. మరమ్మతుకు వచ్చిన వ్యక్తి స్విచ్‌లోనికి ప్రవేశించబోతే అది పాస్‌వర్డ్ అడిగింది. దానిని అమర్చిన ఉద్యోగి ఏనాడో పని మానివేసి వెళ్ళాడు. పాస్‌వర్డ్ ఏ రిజిస్టరులోనూ వ్రాసి లేదు. విద్యార్థులు రాత్రి వరకు ఊరిలోని ఇంటర్నెట్ సెంటర్ల ముందు నిలబడ్డారు. కొందరి దరఖాస్తులు అందనే లేదు. తప్పు ఎవరిదని విచారిస్తే, ఫలానావారిదని చెప్పడానికి ఆధారమే దొరకలేదు. ఆనాటి నుండి ఈ విషయాన్ని తెలిసినవారిని అడిగి, పుస్తకాలు చదివి తెలుసుకొంటున్నాను.

స్విచ్ అనగానే గోడమీది దీపపు మీట స్ఫురిస్తుంది. ఇది అది కాదు. ఇరవైనాలుగో, నలభైయెనిమిదో రంధ్రాలు గల పెట్టె. ప్రయోగశాలలోని ప్రతి కంప్యూటరు కేబులూ వచ్చి అందులో కలుస్తుంది. ఏ రంధ్రం వైపు ఏ యంత్రం ఉన్నదో అది తానే నేర్చుకొని, తపాలా కార్యాలయంలో ఉత్తరాలు వేరుచేసే ఉద్యోగి వలె ప్రతి సమాచారాన్నీ గమ్యానికి పంపుతుంది. దీనిపై అధికారం చేజిక్కినవాడు ఏ కంప్యూటరునైనా నెట్‌వర్క్ నుండి తొలగించగలడు. పరీక్షల విభాగానికి, విద్యార్థుల ప్రయోగశాలకు మధ్యనున్న అడ్డును తీసివేయగలడు. ఒకరి సమాచారపు ప్రతిని రహస్యంగా మరొక రంధ్రానికి మళ్ళించగలడు. కావున ఆ పెట్టెపై అధికారం సామాన్యమైనది కాదు.

ఈ పెట్టెలోనికి ప్రవేశించడానికి ద్వారాలు పలు విధాలు. మొదటిది కన్సోల్ అనే రంధ్రం. దానికి నేరుగా కేబులు తగిలించి లోపలికి పోవచ్చు. సిస్కో కంపెనీ వారి అనేక స్విచ్‌లలో ముందువైపు ఒక మీట ఉంటుంది. దానిని నొక్కి ఉంచి విద్యుత్తు ఇచ్చినచో పాత పాస్‌వర్డ్‌ను దాటిపోయే ఏర్పాటు కలదు. మరచిపోయినవారి కోసం ఉద్దేశించిన ఈ సదుపాయం దొంగకు కూడా ఉపకరిస్తుంది. అందుచేత స్విచ్‌ను వరండాలో వదిలివేయక, తాళం వేసిన బీరువాలో ఉంచడమే ప్రథమ రక్షణ.

రెండవది దూరం నుండి ప్రవేశించే మార్గం. పూర్వం ఇందుకు టెల్నెట్ అనే పద్ధతి వాడేవారు. అందులో పాస్‌వర్డ్ పోస్టుకార్డుమీది వ్రాత వలె దారిలో ఎవరికైనా కనబడుతుంది. 1995లో ఫిన్లాండులోని హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయపు నెట్‌వర్క్‌లో పాస్‌వర్డ్‌ల దొంగతనం జరిగిన పిమ్మట, అక్కడి పరిశోధకుడు తాతు యులోనెన్ ఎస్.ఎస్.హెచ్. అనే పద్ధతిని రూపొందించాడు. ఇందులో సంభాషణ సమస్తం రహస్య లిపిలో సాగుతుంది. ఇది వచ్చి మూడు దశాబ్దాలైనా టెల్నెట్‌ను మూసివేయని సంస్థలు ఉండడం విచారకరం.

మూడవ రకం, ఉన్నదని యజమానికే తెలియని ద్వారం. కొత్త స్విచ్‌లను సులభంగా అమర్చడానికి సిస్కో వారు స్మార్ట్ ఇన్‌స్టాల్ అనే సదుపాయం కల్పించారు. అది వచ్చినవాడు ఎవడని అడగదు. పని ముగిసిన తరువాత దానిని మూసివేయవలసి ఉండగా అనేకులు మరచారు. 2018 ఏప్రిల్‌లో దుండగులు ఈ మార్గాన ఇరాన్, రష్యా దేశాలలోని అనేక స్విచ్‌ల అమరికలను తుడిచివేసి, వాటిలో అమెరికా జెండా బొమ్మను మిగిల్చి వెళ్ళారు. వాడని ద్వారాన్ని మూసివేయాలనే నియమాన్ని ఉపేక్షించిన ఫలితమిది.

ఇక తాళంచెవుల సంగతి. కర్మాగారం నుండి వచ్చే యంత్రాలు పలు సందర్భాలలో అందరికీ తెలిసిన పేరుతో, పాస్‌వర్డ్‌తో వస్తాయి. 2016లో మిరాయ్ అనే దుష్ట ప్రోగ్రాము అటువంటి అరవై పైచిలుకు జంటలను మాత్రమే ప్రయోగించి లక్షలాది కెమెరాలను, రౌటర్లను వశపరచుకొన్నది. ఆ యేడాది అక్టోబరు 21న ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ వంటి పేరుపొందిన సేవలు కొన్ని గంటలు స్తంభించడానికి అదే కారణం. పాస్‌వర్డ్ మార్చినంత మాత్రాన చాలదు. స్విచ్ దానిని ఏ రూపంలో దాచుకొంటున్నదో కూడా చూడాలి. సిస్కో స్విచ్‌లలో టైప్ 7 అనే రూపాన్ని ఎవరైనా క్షణంలో విప్పగలరు. టైప్ 8, టైప్ 9 అనేవి వెనుకకు విప్పరాని గణిత రూపాలు. పెద్దదైన పాస్‌వర్డ్‌ను ఈ రూపంలో దాచినప్పుడే దానికి విలువ.

ఇంతకంటె ముఖ్యమైన ప్రశ్న మరొకటి కలదు. తాళంచెవి ఎందరి వద్ద ఉండాలి? ఒకే పాస్‌వర్డ్‌ను పదిమంది పంచుకొంటే, తప్పు జరిగిన నాడు పదిమందీ నేను కానంటారు. ఒక్కరి వద్దనే ఉంటే మరొక ప్రమాదం. 2008 జూలైలో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో ఒక నెట్‌వర్క్ ఇంజనీరు నగరపాలక సంస్థ నెట్‌వర్క్ పాస్‌వర్డ్‌లను పై అధికారులకు ఇవ్వ నిరాకరించాడు. అర్హత లేనివారికి ఇవ్వరాదన్నది అతని వాదన. నెట్‌వర్క్ పనిచేస్తూనే ఉన్నది. కాని దాని యజమాని అయిన నగరం దానిని తాకలేకపోయింది. అతనిని నిర్బంధించిన తరువాత, మేయరు గావిన్ న్యూసమ్ స్వయంగా కారాగారానికి వెళ్ళినప్పుడు గాని ఆ పాస్‌వర్డ్‌లు వెలువడలేదు. 2010లో న్యాయస్థానం అతనికి నాలుగు సంవత్సరాల శిక్ష విధించింది. అతడు తప్పు చేశాడనుట నిజమే. కాని సర్వాధికారం ఒక్కని చేతికి చిక్కేదాకా పట్టించుకోని వ్యవస్థ బాధ్యత మాటేమిటి?

ఈ రెండు అనర్థాలకూ విరుగుడుగా నిపుణులు మూడు ప్రశ్నల పద్ధతిని నిర్ణయించారు. నీవెవరవు? నీకెంతవరకు అధికారం? నీవేమి చేశావు? ప్రతి ఉద్యోగికీ తన పేరుతో వేరు ప్రవేశం ఉండాలి. సిస్కో స్విచ్‌లలో అధికార స్థాయిలు 0 నుండి 15 వరకు కలవు. చూచుటకు మాత్రమే వచ్చినవానికి 15వ స్థాయి ఇవ్వనక్కరలేదు. పెద్ద సంస్థలలో ఈ పరిశీలనను ప్రతి స్విచ్‌కు వేరువేరుగా కాక ఒక కేంద్ర సర్వర్‌కు అప్పగిస్తారు. ఇందుకు రేడియస్, టకాక్స్ ప్లస్ అనే పద్ధతులు ప్రసిద్ధం. రేడియస్‌లో ప్రధానంగా పాస్‌వర్డ్ మాత్రమే మరుగుపడుతుంది. టకాక్స్ ప్లస్‌లో సందేశపు లోపలి భాగమంతా మరుగుపడుతుంది. ఎవరు ఏ ఆజ్ఞ ఇచ్చారో వరుసగా నమోదు చేయడంలోనూ రెండవదే మేలు. ఉద్యోగి వెళ్ళిపోయిన నాడు కేంద్రంలో అతని పేరు కొట్టివేస్తే చాలు, అన్ని ద్వారాలూ అతనికి మూసుకొంటాయి. ఒకవేళ ఆ సర్వరే చెడిపోతే? అందుకే స్విచ్‌లో ఒక అత్యవసర ఖాతాను నిలిపి, దాని పాస్‌వర్డ్‌ను సీలు వేసిన కవరులో భద్రపరుస్తారు.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. పై పనులలో పెక్కింటికి పెద్ద వ్యయం లేదు. బీరువాకు తాళం, కర్మాగారపు పాస్‌వర్డ్‌ల మార్పు, టెల్నెట్ మూసివేత, ప్రతివానికీ తన పేరుతో ప్రవేశం, ప్రిన్సిపాల్ గారి ఇనుప పెట్టెలో సీలు కవరు, ఉద్యోగి మారిన రోజుననే మార్పుల నమోదు: ఇవి చాలావరకు శ్రద్ధతో నెరవేరే పనులు. నగదు పెట్టె తాళంచెవి ఎవరి వద్ద ఉన్నదో మనం ప్రతి సంవత్సరం లెక్క చూస్తాము. పిల్లల మార్కులు, ఉపకారవేతనాలు ప్రయాణించే పెట్టె తాళంచెవిని గురించి కూడా ఆ లెక్క చూడవద్దా?

విద్యార్థి మిత్రులారా! మీలో కొందరు రేపు ఇటువంటి యంత్రాలకు కావలివారు కానున్నారు. మీ పేరుతో మీకు ఇచ్చిన పాస్‌వర్డ్ మీ సంతకం వంటిది. స్నేహితుడు అడిగాడని సంతకం అరువివ్వకండి. గడువునాటి సాయంత్రం దరఖాస్తు అందక ఇంటికి తిరిగిన ఆ పిల్లలను నేను మరువలేదు. మీరు కావలి ఉన్న చోట ఆ స్థితి మరెవరికీ రాకూడదని నా ఆకాంక్ష.