కాళ్లు తడిస్తే చాలు

మే నెలలో విశాఖలో అయిదున్నర కాకముందే సూర్యుడు సముద్రంలోంచి పైకొచ్చేస్తాడు. నడకకు వచ్చేవాళ్ల కోసం తెల్లవారుజామున బీచ్ రోడ్డు మీద బళ్లు ఆపేస్తారు గనక ఆ కాసేపూ కెరటాల హోరు ఒక్కటే వినిపిస్తుంది. ఆ తర్వాత ఆటోలు మొదలు. హైదరాబాద్ రైలు దిగి, గది కూడా చూసుకోకుండా సంచులతో నేరుగా ఆర్కే బీచికి వచ్చేసే కుటుంబాలు వేసవిలో రోజూ కనిపిస్తాయి.

ఆ రోజు అలా వచ్చిన వాళ్లలో ఓ నాయనమ్మ ఉంది. పిల్లలు పరుగు తీశారు. ఆమె మాత్రం వంగి, దోసిట్లోకి నీళ్లు తీసుకుని నెత్తిన చల్లుకుని, దండం పెట్టుకున్నాకే కాలు పెట్టింది. సముద్రం దగ్గర ఎలా మెలగాలో ఆమెకు తెలిసినంత మనకు తెలియదేమో.

ఎందుకంటే ఇక్కడ మోసం చేసేది పెద్ద అల కాదు. అటూ ఇటూ కెరటాలు నురగలు కక్కుతూ విరుగుతుంటే మధ్యలో ఒకచోట నీళ్లు చదునుగా, కాస్త మట్టిరంగులో కనిపిస్తాయి. పిల్లలకు ఇదే మంచి చోటని పెద్దలు అక్కడికే తీసుకెళతారు. ఒడ్డుకు వచ్చిన నీరంతా వెనక్కి లోపలికి పోయే దారి అదే. అందులో చిక్కితే ఒడ్డు వైపు ఎదురీదకూడదు. ఈత వచ్చినవాడూ అలసిపోయి మునిగేది అక్కడే. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు జరిగి, ఆ లాగుడు దాటాకే వెనక్కి రావాలి. గజ ఈతగాళ్లు విజిల్ వేస్తే విసుక్కుంటాం గానీ, వాళ్లు చూసేది ఆ చదును నీళ్లనే.

అసలు మనం కూర్చున్న ఇసుక కూడా పూర్తిగా కెరటాలు తెచ్చి పోసింది కాదు. ఈ తీరం వెంట ఇసుక ఏడాదిలో ఎక్కువ కాలం దక్షిణం నుంచి ఉత్తరానికి జరుగుతుంది. డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కన ఓడరేవుకు కట్టిన గోడలు ఆ నడకకు అడ్డం. అక్కడ పేరుకున్న ఇసుకను డ్రెడ్జర్‌తో తోడి ఇటువైపు పోస్తుంటారు. పోయకపోతే సముద్రం రోడ్డును కోసుకుంటూ వస్తుంది.

పదింటికల్లా పొడి ఇసుక పెనమైపోతుంది. జనం నీడ కోసం కురుసుర జలాంతర్గామిలోకి దూరతారు. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించిన ఈ సోవియట్ తయారీ ఓడ మరుసటి ఏడాదే ఒడ్డున మ్యూజియమైంది. ఇరుకు దారుల్లో తల వంచి నడుస్తుంటే బయట ఉక్కపోత కాస్త నయమనిపిస్తుంది!

మధ్యాహ్నం చేపల పులుసు కోసం వెతికితే తాజా చేప కరువు. ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు మరబోట్లకు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం మరి. తాటి ముంజలతో సరిపెట్టుకున్నాం.

నాలుగింటికి సముద్రం మీంచి గాలి తిరిగింది. ముంత మసాలా బళ్లు, నిప్పుల మీద మొక్కజొన్న పొత్తులు, ఇక కాలు పెట్టే చోటు లేదు. పొద్దున చూసిన నాయనమ్మ మళ్లీ కనిపించింది. నీళ్ల సీసాలో సముద్రాన్ని నింపుకుంటోంది.

"ఎందుకమ్మా?" అన్నాను.

"మా చెల్లెలు నడవలేదు బాబూ. ఇంటికెళ్లి దాని కాళ్ల మీద పోస్తాను."