కుక్క ఏల గోకుకొనును?

పాలకుర్తి పేరు వినగానే సాహిత్యప్రియులకు సోమనాథుడు జ్ఞాపకము వచ్చును. ఆయన రచించిన బసవపురాణమున కుక్కచేత వేదము చెప్పించిన భక్తుని కథ యొకటి కలదు. ఆ కవికి ఇంటిపేరైన ఊరిలోనే మేము నోరులేని యొక కుక్క బాధను చూచితిమి. నేటి ప్రసంగము దానిని గురించియే.

కొన్ని యేండ్ల క్రిందట ఒగ్గుకథ వినుటకు మేము పాలకుర్తికి పోయితిమి. 2016 వరకు వరంగల్లు జిల్లాలో నుండిన ఈ యూరు ఇప్పుడు జనగామ జిల్లాలోనిది. ఒగ్గువారు పాడు కథలలో మల్లన్న కథ ముఖ్యమైనది. ఆ మల్లన్ననే మహారాష్ట్రులు ఖండోబా యని కొలుతురు. ఖండోబా పటములలో గుఱ్ఱముతో పాటు కుక్కయు కనబడును. గొఱ్ఱెల కాపరుల దేవునికి కుక్క తోడుండుటలో వింత యేమున్నది?

కథకులు డోళ్లు బిగించుకొనుచుండగా ఒక కాపరి, అతని వెంట ఒక కుక్కయు వచ్చిరి. అది పట్టుమని నిమిషమైనను పండుకొనలేకుండెను. లేచును, చెవి గోకుకొనును, మోచేయి కొఱుకుకొనును, నేలకు ఒళ్లు రాచుకొనును, మరల పండుకొనును. చెవుల అంచులలో వెండ్రుక లేదు. మోచేతులపై పొక్కులు కట్టినవి. వీపంతయు నల్లని జిడ్డు. మోటారుబండ్లలో వాడి పారవేసిన నూనె పూసినానని కాపరి చెప్పెను. చెప్పుచునే తన ముంజేతిని తాను గోకుకొనుచుండెను. ప్రక్కనున్నవారు దానిని గజ్జికుక్క యనిరి, ఊరి వెలుపల విడిచి రమ్మనిరి. అతడు మావైపు తిరిగి, “ఇది లేకుంటే రాత్రి మంద కాడ నేనొక్కన్ని ఏం జేద్దు సారూ?” అనెను.

గోకుకొనుట రోగము కాదు. జ్వరము వలె అది రోగము యొక్క జాడ మాత్రమే. ఒకే విధముగా గోకుకొను పది కుక్కలలో కారణములు నాలుగైదు విధములుగా నుండవచ్చును. ఐనను మనము గోకుడు కనబడగానే గజ్జి యని పేరు పెట్టి, చేతికందిన దానిని పూయుదుము. ఇంజను నూనె చర్మమును కాల్చును, కుక్క దానిని నాకినచో కడుపులోనికి పోయి విషమగును. పురుగు చచ్చునో లేదో కాని కుక్కకు మాత్రము రెండవ బాధ తప్పదు.

మరునాడు కాపరి మా మాట మన్నించి కుక్కను పశువుల దవాఖానకు తోడ్కొని వచ్చెను. అచ్చటి డాక్టరుగారు మందులపెట్టె తెరువలేదు. మొదట ప్రశ్నలడిగిరి. ఎన్నాళ్లనుండి? ఎచ్చట మొదలైనది? మందలోని తక్కిన కుక్కల సంగతి యేమి? ఇంటిలో ఎవరికైనను దురద కలదా? ఈ కడపటి ప్రశ్నకు కాపరి సిగ్గుపడుచు తన చేయి చూపెను. తరువాత డాక్టరుగారు కుక్క చెవి అంచును మడచి రెండు వ్రేళ్ల నడుమ కొన్ని క్షణములు నలిపిరి. వెంటనే ఆ వైపు వెనుకకాలు లేచి గాలిలో గోకసాగెను. కుక్కగజ్జిలో తరచుగా కనబడు గుర్తు ఇది. కాని యిదొక్కటే సాక్ష్యముగా చాలదు.

అందుచేత ఆయన మొద్దు కత్తి అంచుపై నూనెబొట్టు వేసి, మోచేతి వద్ద నెత్తురు చెమరించువరకు గీరి, ఆ పొట్టును గాజుపలకపై నుంచి సూక్ష్మదర్శినిలో చూచిరి. మొదటి పలకలో ఏమియు లేదు. రెండవదానిలోను లేదు. మూడవదానిలో గుండ్రని దేహము, ఎనిమిది పొట్టికాళ్లు గల పురుగు కనబడెను. మమ్మును కూడ చూడనిచ్చిరి. మిల్లీమీటరులో మూడవవంతుండు ఆ ప్రాణి ఇంత కుక్కను నిద్రకు దూరము చేసినదా యని ఆశ్చర్యపడితిమి. ఆడపురుగు చర్మములో సొరంగము త్రవ్వి గ్రుడ్లు పెట్టును. దాని మలము, ఉమ్మి చర్మమునకు పడకపోవుటచే దురద మితిమీరును. గీరిన పొట్టులో పురుగు చిక్కనంత మాత్రమున రోగము లేదనుటకు వీలు లేదని డాక్టరుగారు చెప్పిరి. లక్షణములు సరిపోయినచో పురుగు కనబడకున్నను వైద్యము చేసి చూతురట.

కాపరి చేతి దురద సంగతి యేమని శ్రోతలు అడుగవచ్చును. కుక్కలోని ఈ పురుగు మనుష్యుని కూడ కుట్టును గాని, మన చర్మముపై సంతతిని పెంచి నిలువలేదు. కుక్కకు నయమైనచో కొన్ని వారములలో మనిషి దురద తగ్గిపోవును. తగ్గకున్నచో మనుష్యుల వైద్యునికే చూపుకొనవలెను.

గజ్జికి పురుగు కారణమని లోకము నమ్ముటకు చాల కాలము పట్టినది. 1687లో ఇటలీ దేశమున బొనోమో అను వైద్యుడు, చెస్టోని అను మందులు కూర్చువానితో కలసి, మనుష్యుల గజ్జిపొక్కులనుండి తీసిన పురుగును చూచి, చిత్రము గీసి, రెడీ అను పండితునికి లేఖ వ్రాసెను. రక్తము చెడుట చేతనే గజ్జి పుట్టునని తలచుచుండిన వైద్యులు ఆ మాటను చెవిని బెట్టలేదు. 1834లో రెనూచ్చి అను విద్యార్థి పారిస్ వైద్యుల యెదుట పురుగును తీసి చూపిన పిదప గాని సందేహము తీరలేదు. అతడు ఆ విద్య నేర్చినది ఏ గ్రంథమునుండియు కాదు. అతని స్వస్థలమైన కోర్సికా దీవిలో పల్లె స్త్రీలు సూదిమొనతో పురుగును వెలికిదీయుట చూచి నేర్చినాడు. పండితులకు నూటయేబదియేండ్లు పట్టిన సంగతి ఆ యమ్మలకు సూదిమొనపై తెలియును!

నేడు ఈ రోగమునకు మాత్రలు, వీపుపై పోయు మందులు, సూదిమందులు కలవు. వానిలో ఐవర్‌మెక్టిన్ అనునది జపానుదేశపు మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుండి పుట్టిన మందుల జాతిలోనిది. వానిని కనుగొనినందుకే కాంబెల్, ఓమురా అను శాస్త్రజ్ఞులకు 2015లో నోబెల్ బహుమానములో భాగము లభించినది. గొఱ్ఱెలకు ఈ సూది వేయించిన కాపరులు మిగిలిన దానిని కుక్కకు పొడిచెదమందురు. ఇది ప్రమాదము. కోలీ వంటి కొన్ని జాతుల కుక్కలకు ఈ మందు మెదడులోనికి ప్రవేశించి ప్రాణము తీయవచ్చును. ఊరి కుక్కకైనను మోతాదు తూకమును బట్టి వైద్యుడు నిర్ణయింపవలసినదే.

మన కాపరి కుక్కకు, దానితో తిరుగు మరి రెండు కుక్కలకు వైద్యము జరిగెను. వెండ్రుకలు మొలిచినవి. కథ ఇచ్చట ముగిసినచో మేము ఈ ప్రసంగము వ్రాయకపోదుమేమో. వానకాలములో కాపరి మాకు ఫోను చేసెను. కుక్క మరల గోకుకొనుచున్నదట. గజ్జి తిరుగబెట్టినదని, పాత మందే మరల వేయింతునని అతడనెను. ఎచ్చట గోకుకొనుచున్నదని మేమడిగితిమి. తోక మొదట, తొడల వెనుక అని జవాబు. చెవులు శుభ్రముగానే యున్నవట. చోటు మారినది కనుక ముందు చూపించుమని చెప్పితిమి.

ఈ మారు డాక్టరుగారు కత్తి తీయక పేల దువ్వెన తీసిరి. తోక మొదట దువ్వగా మిరియపు పొడి వంటి నల్లని నలుసులు రాలినవి. వానిని తడిగుడ్డపై వేసి రుద్దగా గుడ్డ ఎఱ్ఱబారెను. అది మట్టి కాదు, కుక్క నెత్తురు త్రాగిన పురుగుల మలము. రెక్కలు లేక, చేతికి చిక్కక గంతులు వేయు ఈ పురుగును దుముకుడు పేను అందము. ఒక కుక్కపై ఎన్ని యున్నను అంతగా గోకుకొనదు. మరియొకదానికి దాని ఉమ్మి పడదు, కొద్దిపాటి కాట్లకే ఒళ్లు చీరుకొనును. పైగా కుక్క నాకి మ్రింగుటచే పురుగు కంటికి కనబడకయు పోవచ్చును.

ఇందులో అసలు చిక్కు వేరొకటి. కుక్కపై నున్నవి కొన్ని మాత్రమే. గ్రుడ్లు అది పండుకొను గోనెపట్టాపై, దొడ్డి మట్టిలో, గోడ పగుళ్లలో రాలును. గూడు కట్టుకొనిన పిల్లపురుగు నెలల తరబడి కదలక యుండి, అడుగుల అదురు, ఒంటి వెచ్చదనము తగులగానే వెలికివచ్చును. చాలకాలము తాళము వేసియుంచిన యింటిలో కాలుమోపగానే పురుగులు కుట్టుటకు కారణమిదియే. కనుక కుక్కకు మందు వేసి పడకను విడిచినచో వైద్యము సగమే.

గోకుడుకు కారణములు ఈ రెండే యని మా అభిప్రాయము కాదు. చెవులలో, వ్రేళ్ల సందున చేరు పిడుదులను కంటితోనే చూడవచ్చును. జిడ్డు, దుర్వాసన, నల్లబడి మందమైన చర్మము ఉన్నచో బూజు జాతి క్రిములను అనుమానింపవలెను. పురుగు లేక, బూజు లేక, ఏడాది రెండేండ్ల వయసునుండి పాదములు నాకుకొనుచు, ముఖము రాచుకొనుచు నుండు కుక్కకు ఇంటి ధూళియో, పుప్పొడియో పడకపోవచ్చును. ఆహారము పడనివి కూడ కలవు. దానిని తేల్చుటకు అంతకు ముందెన్నడు తినని మాంసము, ధాన్యము మాత్రమే సుమారు ఎనిమిది వారములు పెట్టి చూడవలెను. నడుమ పిల్లలు ఒక్క బిస్కత్తు వేసినను లెక్క మొదటికి వచ్చును. మందకుక్కకు ఈ పథ్యము సాధ్యమా యని అడిగినచో మా యొద్ద సమాధానము లేదు.

కాపరి గోనెపట్టాను కాల్చివేసెను, దొడ్డి ఊడ్చెను, డాక్టరుగారు చెప్పిన గడువు ప్రకారము మూడు కుక్కలకు మందు వేయించెను. నెల తిరుగకముందే మరల ఫోను. కుక్క గోకుకొనుట మానినదట, ఇక మందు ఆపవచ్చునా యని ప్రశ్న. గూళ్లలోని పురుగులు ఇంకను వెలికి రావలసియున్నవి కనుక ఆపవద్దనియు, దొడ్డి ఊడ్చుటయు మానవద్దనియు డాక్టరుగారి మాటగా చెప్పితిమి.