దోమల లెక్క, మనుషుల లెక్క

2020 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం నియమించిన వొక శాస్త్రవేత్తల కమిటీ, జాగ్రత్తలు కొనసాగిస్తే 2021 ఫిబ్రవరికి కరోనా అదుపులోకి వస్తుందని తన గణిత నమూనా ఆధారంగా చెప్పింది. 2021 వేసవిలో రెండో వెల్లువ వచ్చి శ్మశానాలు చాలలేదు. అప్పుడు చాలామంది అన్నారు: లెక్కలు వేసే శాస్త్రవేత్తలూ జ్యోతిష్కులూ వొకటేనని. గణిత నమూనా అంటే ఏమిటో తెలియకపోవడం వల్ల వచ్చిన మాట ఇది. జాతకం షరతు చెప్పదు. నమూనా 'ఇలా వుంటే ఇలా అవుతుంది' అంటుంది. మనం ఆ 'వుంటే'ని వదిలేసి 'అవుతుంది' మాత్రమే వింటాం.

నమూనా ఎలా పుడుతుందో తెలుసుకోవడానికి దూరం పోనక్కర్లేదు. 1897 ఆగస్టు 20న సికిందరాబాదులో రొనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. ఆయనకు 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ దోమలచేత కుట్టించుకున్న రోగి హుసేన్ ఖాన్ ఎందరికి గుర్తున్నాడు?

మలేరియా పోవాలంటే దోమల్ని తగ్గించాలన్నాడు రాస్. దోమలన్నిటినీ చంపడం ఎవరి తరం, కొన్ని మిగిలినా జబ్బు మిగులుతుంది కదా అన్నారు ఆయనతో విభేదించినవాళ్లు. దీనికి జవాబు సూక్ష్మదర్శినిలో దొరకదు. రాస్ కలం తీసుకున్నాడు. వూళ్లో రోగులెందరు, దోమలెన్ని, దోమ ఎన్నాళ్లు బతుకుతుంది, రోగి ఎన్నాళ్లకు కోలుకుంటాడు - వీటిలో వొకటి మారితే తక్కినవి ఎలా మారతాయో సమీకరణాలుగా రాశాడు. 1910లో వచ్చిన మలేరియా నివారణ గ్రంథంలోనూ, 1911 నాటి రెండో కూర్పులోనూ ఈ లెక్కలున్నాయి. ఇవాళ్టి సంఖ్యల నుంచి రేపటివి, రేపటి నుంచి ఎల్లుండివి వేసుకుంటూ పోతే ఏడాది మలేరియాను కాగితం మీదే నడిపి చూడవచ్చు. నేడు కంప్యూటరు చేసేదీ ప్రధానంగా ఇదే. వేగం దానిది.

100 మంది రోగులు కోలుకునేలోగా వాళ్ల నుంచి దోమల ద్వారా 200 మందికి సోకిందనుకోండి. తర్వాత 400, ఆ తర్వాత 800. దోమలు తగ్గి 50 మందికే సోకితే తర్వాత 25, ఆ తర్వాత 12. ఈ రెంటికీ మధ్య గీత వొకటే: వొక రోగి నుంచి వొక కొత్త రోగి. దోమల సంఖ్య ఆ గీత దిగువకు వస్తే చాలు, దోమలుండగానే మలేరియా అంతరిస్తుంది. పరిమాణంలో మార్పు వొక హద్దు దాటి గుణంలో మార్పు కావడానికి మనం ఎప్పుడూ చెప్పుకునే ఉదాహరణ నీరు ఆవిరి కావడం. దాని పక్కన దీన్నీ చేర్చుకోవచ్చు.

1950లలో జార్జి మెక్‌డొనాల్డ్ ఈ లెక్కను ముందుకు తీసుకుపోయాడు. మలేరియా క్రిమి దోమలో పెరిగి మనిషికి సోకే స్థితికి రావడానికి సుమారు 10 రోజులు పడుతుంది. 100 దోమల్లో రోజుకు 90 బతుకుతుంటే పదోరోజుకు 35 మిగులుతాయి. రోజుకు 70 మాత్రమే బతికితే పదోరోజుకు మూడు కూడా మిగలవు. కాబట్టి దోమల సంఖ్యకంటే వాటి ఆయుర్దాయాన్ని దెబ్బతీయడం మేలు. ఇంటి గోడల మీద డి.డి.టి. చల్లడానికి శాస్త్రీయమైన బలం ఈ లెక్కే ఇచ్చింది.

మన దేశంలో 1953లో కార్యక్రమం మొదలైనప్పుడు ఏడాదికి సుమారు ఏడున్నర కోట్ల మందికి మలేరియా వస్తున్నదని అంచనా. 1965 నాటికి అది లక్ష దరిదాపులకు దిగింది. 1976లో మళ్లీ 64 లక్షలు దాటింది! గణితం తప్పిందా? తప్పలేదు. దోమలు డి.డి.టి.ని తట్టుకోవడం నేర్చాయి. అంటే ఆ 70 మళ్లీ 90 వైపు నడిచింది. మందుల సరఫరా చాలలేదు. పల్లెల్లో నిఘా కొనసాగించగల ఆరోగ్య వ్యవస్థ బలంగా లేదు. ఇవేవీ సమీకరణంలో లేవు.

ఇంకొకటి కూడా లేదు. రాస్ లెక్కలో మనుషులందరూ సమానమే. దోమ అందరినీ వొకే రకంగా కుడుతుంది. వాస్తవంలో కిటికీలకు జాలీలున్న మేడలో పడుకున్నవాడినీ, మన్యంలో పోడు పొలం పక్కన పాకలో పడుకున్నవాడినీ దోమ వొకే రకంగా కుడుతుందా? ఈ తేడాను లెక్కలోకి తెచ్చిన తర్వాతి శాస్త్రవేత్తలు తేల్చినదేమంటే, కాట్లు కొందరి మీదే ఎక్కువగా పడుతున్నప్పుడు జబ్బును అంతం చేయడం సగటు లెక్క చెప్పినదానికంటే కష్టం. సగటు మనిషి కాగితం మీద తప్ప ఎక్కడా లేడు. వున్నది మేడలో మనిషీ, పాకలో మనిషీ.

నమూనాలను నమ్మవద్దని నేననడం లేదు. అవి లేకపోతే దోమలుండగానే మలేరియాను జయించవచ్చన్న ధైర్యమే మనకు వుండేది కాదు. జబ్బు విధి రాత కాదని చెప్పింది ఆ లెక్కే. అయితే కథ రాసేవాడు జీవితంలోంచి కొంత తీసుకుని కొంత వదిలినట్టే నమూనా వేసేవాడూ చేస్తాడు. కథను చదివినప్పుడు ఇందులో ఎవరున్నారు, ఎవరు లేరు అని మనం అడుగుతాం. ప్రభుత్వాలు లెక్కలు చూపించినప్పుడూ అదే ప్రశ్న అడగాలి. లెక్కలు రావని తప్పుకోవడానికి వీల్లేదు. లెక్కలో లేనివాళ్లకే జబ్బు ముందు వస్తుంది.