పగలు ఉద్యోగం... రాత్రి నవల!

ఒకరు బడిపంతులమ్మ. ఒకరు అకౌంటెంటు. ఇంకొకరు హిస్టరీ మాస్టారు. మరొకరు పత్రికా విలేకరి. బతుకుతెరువుకు ఓ పని చేసుకుంటూనే రాయడం మొదలుపెట్టారు. ఇప్పుడు వాళ్ల పుస్తకాలను ప్రపంచమంతా చదువుతోంది. అర్జెంటీనా కొత్తతరం రచయితల కథ ఇది.

అర్జెంటీనా అనగానే మనకు మారడోనా గుర్తొస్తాడు, మెస్సీ గుర్తొస్తాడు. సాహిత్యంతో పరిచయం ఉన్నవాళ్లయితే బోర్హెస్ పేరు చెబుతారు. 1924లో రవీంద్రనాథ్ ఠాగూర్ జబ్బుపడి బ్యూనస్ ఎయిర్స్‌లో ఆగిపోయినప్పుడు ఆయన్ని కంటికి రెప్పలా చూసుకున్న విక్టోరియా ఒకాంపో పేరు కూడా కొందరికి తెలుసు. ఒకాంపో బాగా కలిగిన ఇంటి బిడ్డ. ఇప్పుడు రాస్తున్నవాళ్లలో చాలామంది అలా కాదు. నెల జీతం మీద బతికిన మధ్యతరగతి మనుషులు.

అయితేనేం! అనువాద నవలలకిచ్చే అంతర్జాతీయ బుకర్ బహుమతి తుదిజాబితాను చూడండి. 2017లో సమంతా ష్వెబ్లిన్, 2020లో గాబ్రియేలా కబెసోన్ కామరా, 2021లో మరియానా ఎన్రికెజ్, 2022లో క్లాడియా పిన్యేరో, 2024లో సెల్వా అల్మాదా. ఎనిమిదేళ్లలో ఐదుగురు అర్జెంటీనా రచయితలు అక్కడిదాకా వెళ్లారు. ఐదుగురూ మహిళలే!

మట్టి చెప్పిన నిజం

డొలోరెస్ రేయెస్ 1978లో పుట్టారు. బ్యూనస్ ఎయిర్స్ శివార్లలో ప్రభుత్వ పాఠశాల టీచరుగా పనిచేశారు. ఏడుగురు పిల్లల తల్లి. ఇంటిపనీ బడిపనీ అయ్యాక మిగిలిన వేళల్లో ఆమె రాసిన తొలి నవల 'కొమెటియెర్రా' 2019లో వచ్చింది. పేరుకు అర్థం... మట్టి తినేది. పేదవాడలో ఉండే ఓ అమ్మాయి గుప్పెడు మట్టి నోట్లో వేసుకుంటే చాలు, కనిపించకుండా పోయిన ఆడవాళ్లకు ఏం జరిగిందో ఆమె కళ్లకు కడుతుంది. గాలివాటు కల్పన కాదిది. రేయెస్ పాఠాలు చెప్పిన బడికి దగ్గర్లోని శ్మశానంలోనే హత్యకు గురైన ఇద్దరు అమ్మాయిల సమాధులున్నాయి. నవలను వాళ్లకే అంకితమిచ్చారు.

2024 నవంబరులో ఈ పుస్తకం మీద పెద్ద గొడవే రేగింది. బ్యూనస్ ఎయిర్స్ రాష్ట్ర ప్రభుత్వం హైస్కూలు గ్రంథాలయాలకు పంపిన పుస్తకాల్లో ఇదీ ఉంది. అందులో కొన్ని పేజీలు పిల్లలు చదవదగ్గవి కావంటూ ఏకంగా దేశ ఉపాధ్యక్షురాలు విక్టోరియా విజారుయెల్ విమర్శించారు. ఓ సంస్థ ఫిర్యాదు కూడా చేసింది. పెద్ద తరగతుల పిల్లలు టీచర్ల సాయంతో చదవడానికే ఇచ్చామని రాష్ట్ర అధికారులు సమాధానమిచ్చారు. రచయితలు తమ పద్ధతిలో జవాబు చెప్పారు. వంద మందికి పైగా రాజధానిలోని పికాదెరో థియేటర్‌లో చేరి, ఒకరి తర్వాత ఒకరు ఆ నవలను బిగ్గరగా చదివారు. వద్దన్న పుస్తకం కోసం జనం ఎగబడ్డారు. 2025లో అది ఓటీటీ సీరియల్‌గానూ వచ్చింది.

లెక్కల నుంచి కథల్లోకి

క్లాడియా పిన్యేరో (జననం 1960) చదివింది కామర్స్. దాదాపు పదేళ్లు అకౌంటెంటుగా పనిచేశారు. ఆ ఉద్యోగంలో ఉండగానే నవలల పోటీ ప్రకటన ఒకటి ఆమె కంటపడింది. రాసి పంపితే తుదిజాబితాలో నిలిచింది. అంతే, దారి మారిపోయింది. 2005లో 'క్లారిన్' దినపత్రిక నవలా బహుమతి ఆమెను ఇంటింటికీ తీసుకెళ్లింది. ఆ బహుమతి తెచ్చిన 'గురువారం రాత్రి వితంతువులు' నవల ఓ గేటెడ్ కమ్యూనిటీ కథ. ఎత్తయిన గోడలు, కాపలా, ఈతకొలను... అన్నీ ఉంటాయి. లోపల మాత్రం అప్పులూ, పోయిన ఉద్యోగాలూ, ఆ సంగతి పక్కింటికి తెలియకూడదన్న తాపత్రయమూ. 2001 డిసెంబరులో అర్జెంటీనా బ్యాంకులు జనం సొమ్మును జనానికే ఇవ్వకుండా బిగబట్టిన రోజులకు ముందు మధ్యతరగతి ఎలా ఉండేదో ఆ నవలలో కనిపిస్తుంది.

బుకర్ దాకా వెళ్లిన 'ఎలెనాకు తెలుసు' మరో రకం. పార్కిన్సన్స్ జబ్బుతో వంగిపోయిన ఓ వృద్ధురాలు కూతురి చావు వెనకున్న నిజం కోసం నగరం ఆ చివరికి బయల్దేరుతుంది. మాత్ర పనిచేసినంతసేపే కాళ్లు కదులుతాయి. గడియారం బదులు మాత్రలతోనే కాలం నడుస్తుంది. పిన్యేరో తల్లికీ అదే జబ్బు.

మాస్టారి కథకు ఆస్కార్

ఎడ్వర్డో సచేరి (జననం 1967) హైస్కూలు పిల్లలకు చరిత్ర పాఠాలు చెప్పేవారు. సరదాగా ఫుట్‌బాల్ కథలు రాసి ఓ రేడియో వ్యాఖ్యాతకు పంపితే, ఆయన వాటిని చదివి వినిపించారు. కథలు శ్రోతలకు తెగ నచ్చాయి. పుస్తకంగా వచ్చాయి. టీచరు కాకముందు సచేరి కొన్నాళ్లు కోర్టులో గుమాస్తా. అక్కడి అనుభవంతో 2005లో ఓ నవల రాశారు. అదే 'ద సీక్రెట్ ఇన్ దెయిర్ ఐస్' సినిమా అయింది. స్క్రీన్‌ప్లేలో సచేరీ చెయ్యేశారు. 2010లో ఉత్తమ విదేశీ చిత్రంగా ఆస్కార్ గెలిచింది.

దెయ్యాలంటే ఎవరో కాదు!

మరియానా ఎన్రికెజ్ (జననం 1973) జర్నలిజం చదివారు. 'పాహినా 12' దినపత్రిక ఆదివారం అనుబంధం 'రాదార్'లో ఏళ్ల తరబడి పనిచేశారు. తొలి నవల అచ్చయ్యేనాటికి ఆమె వయసు ఇరవై రెండేళ్లలోపే. రాసేవన్నీ వణుకు పుట్టించే కథలు. ఆమె పసితనం 1976-83 నాటి సైనిక పాలనలో గడిచింది. ఆ ఏడేళ్లలో దాదాపు 30 వేల మంది మాయమయ్యారని మానవహక్కుల సంఘాలు చెబుతాయి. శవం లేదు, సమాధి లేదు. అలాంటి దేశంలో దెయ్యం కథ రాయడానికి పాడుబడిన బంగళా వెతుక్కోవాల్సిన పనిలేదు. ఆమె పెద్ద నవల 'అవర్ షేర్ ఆఫ్ నైట్' 2019లో స్పెయిన్‌లోని ప్రతిష్ఠాత్మక ఎర్రాల్దే బహుమతి గెలిచింది.

అమ్మకీ బిడ్డకీ మధ్య దూరం

సమంతా ష్వెబ్లిన్ (జననం 1978) బ్యూనస్ ఎయిర్స్‌లో సినిమా చదువు చదివి, తర్వాత బెర్లిన్‌లో స్థిరపడ్డారు. ఆమె చిన్న నవల 'ఫీవర్ డ్రీమ్'కు స్పానిష్‌లో పెట్టిన పేరుకు అర్థం 'రక్షణ దూరం'. బిడ్డకు ఆపదొస్తే ఎంతసేపట్లో చేరుకోగలను? ప్రతి తల్లీ మనసులో వేసుకునే లెక్కే అది. కథ జరిగేది సోయా చేల మధ్య. ఆపద వచ్చేది పురుగుమందు నుంచి. మనం దిగుమతి చేసుకునే సోయా నూనెలో పెద్ద వాటా అర్జెంటీనాదే. కాబట్టి ఆ చేలు మన వంటింటికి అనుకున్నంత దూరమేం కాదు! ఈ నవల 2021లో సినిమాగా వచ్చింది. 2022లో ఆమె కథల పుస్తకం 'సెవెన్ ఎంప్టీ హౌసెస్' అమెరికాలో అనువాద సాహిత్యానికి నేషనల్ బుక్ అవార్డు తెచ్చుకుంది. 2025లో అదే అవార్డు కబెసోన్ కామరాకు దక్కింది.

పేరు సరే, కూడు సంగతి?

ఇన్ని బహుమతులొచ్చినా కలం మీదే బతకడం అక్కడ కష్టమే. పుస్తకం ధరలో రచయితకొచ్చేది సాధారణంగా పది శాతం. అదీ ఆర్నెల్లకోసారి లెక్కలు చూసి ఇస్తారు. 2023లో ధరలు ఏడాదిలో 211 శాతం పెరిగాయి. అలాంటప్పుడు ఆర్నెల్లు ఆగి వచ్చిన డబ్బు చేతికందేసరికి దాదాపు సగం కరిగిపోయేది. 2022లో బ్యూనస్ ఎయిర్స్ పుస్తక ప్రదర్శన ప్రారంభోపన్యాసానికి తనకు డబ్బు ఇవ్వాలని సీనియర్ రచయిత గిజెర్మో సకోమానో పట్టుబట్టారు. ఆ మాట వేదిక మీదే చెప్పారు. రాయడమూ శ్రమే కదా అన్నది ఆయన వాదన.

అందుకే చాలామంది ఇళ్లలోనే కథల బడి నడుపుతారు. వారానికో రోజు ఏడెనిమిది మంది కూర్చుంటారు. ఒకరు రాసింది చదువుతారు, మిగతావాళ్లు మొహమాటం లేకుండా తప్పులు చెబుతారు. నెలనెలా ఫీజు. సైనిక పాలనలో మాట్లాడే చోటే కరవైనప్పుడు ఈ ఇళ్లే ఆసరా అయ్యాయి. సీనియర్ రచయిత్రి లిలియానా హెకెర్ దగ్గర ష్వెబ్లిన్, సెల్వా అల్మాదా దగ్గర రేయెస్ ఇలా మెరుగుపడ్డవాళ్లే.

ఇక చిన్న ప్రచురణకర్తలు. 2001 సంక్షోభం తర్వాత వీధుల్లో అట్టపెట్టెలు ఏరుకుని బతికేవాళ్లు పెరిగారు. వాళ్ల దగ్గర మామూలు ధర కన్నా ఎక్కువిచ్చి అట్టలు కొని, చేత్తో రంగులేసి పుస్తకాలకు ముఖచిత్రాలుగా వాడిన సంస్థ 'ఎలోయిసా కార్తోనెరా'. 2003లో మొదలైంది. పెద్ద రచయిత సెసర్ ఐరా కూడా ఆ అట్టల పుస్తకాలకు తన రచనలిచ్చారు. 1949లో పుట్టిన ఐరా కాఫీ హోటల్లో కూర్చుని రోజుకో పేజీ చొప్పున రాసుకుపోతూ వందకు పైగా చిన్న పుస్తకాలు తెచ్చిన మనిషి!

85 ఏళ్ల 'కొత్త' రచయిత్రి

2007లో 'పాహినా 12' పత్రిక కొత్త నవలల పోటీ పెట్టింది. రాసిందెవరో న్యాయనిర్ణేతలకు తెలియదు. వచ్చిన వాటిలో ఒకటి టైపు మిషన్ మీద కొట్టి, తప్పుల మీద తెల్లరంగు పూసి పంపిన ప్రతి. కథ చెప్పేది ఓ వింత కుటుంబంలోని అమ్మాయి. గొంతు కొత్తగా ఉంది. రాసింది కుర్రకారే అయ్యుంటారనుకున్నారు కొందరు. బహుమతి దానికే దక్కింది. కవరు విప్పి చూస్తే పేరు అరోరా వెంతురీని. వయసు 85! అప్పటికే ఎన్నో పుస్తకాలు రాసినా పట్టించుకున్నవాళ్లు తక్కువ. ఆ నవల 'లాస్ ప్రీమాస్' దేశాలు దాటింది. 2015లో కన్నుమూసేదాకా ఆమె రాస్తూనే ఉన్నారు. బహుమతి వచ్చినప్పుడు ఆమె ఏమన్నారో తెలుసా? ఇన్నాళ్లకు నిజాయతీ ఉన్న న్యాయనిర్ణేతలు దొరికారని!