కార్యాలయ విధుల్లో కృత్రిమ మేధ: ముసాయిదా యంత్రానిది, బాధ్యత ఉద్యోగిది

ప్రభుత్వ కార్యాలయాలలో టైపు యంత్రం స్థానంలో కంప్యూటరు ప్రవేశించినప్పుడు సిబ్బంది నేర్చుకోవలసి వచ్చినది ప్రధానంగా చేతి పని. మీటల అమరిక, ఫైలును భద్రపరచడం, ముద్రించడం తెలిస్తే సరిపోయేది. 2022 నవంబరు 30న చాట్‌జీపీటీ ప్రజలకు అందుబాటులోకి వచ్చిన నాటి నుండి కార్యాలయాలకు చేరువవుతున్న కృత్రిమ మేధ, అనగా ఏఐ, సహాయక సాధనాల విషయం వేరు. వీటి వాడకంలో మీటలకు సంబంధించి నేర్వవలసినది దాదాపు ఏమీ లేదు. మామూలు మాటలలో అడిగితే లేఖ సిద్ధమవుతుంది. ఏ పనిని వాటికి అప్పగించవచ్చు, వచ్చిన జవాబును ఎక్కడ అనుమానించాలి అన్నదే నేర్వవలసిన విద్య.

ఈ సాధనాలు పనిచేసే తీరు తెలిస్తే వాటి బలహీనత కూడా బోధపడుతుంది. అపారమైన రచనా సామగ్రి ఆధారంగా తయారైన ఈ వ్యవస్థలు ఒక మాట తరువాత ఏ మాట రావడానికి ఎక్కువ అవకాశం ఉన్నదో అంచనా వేసుకుంటూ వాక్యాన్ని కూర్చుతాయి. కొన్ని సాధనాలు ఇంటర్నెట్‌లో వెదికి ఆధారాలను చూపుతున్నప్పటికీ, చివరకు వాక్యం కూర్చే పద్ధతి ఇదే. అందువలన భాష తడబడదు, విషయం తడబడవచ్చు. లేని ప్రభుత్వ ఉత్తర్వును సైతం సంఖ్య, తేదీలతో సహా ఉదహరించగలవు. చాట్‌జీపీటీ కల్పించిన తీర్పులను నిజమైనవిగా సమర్పించిన ఇద్దరు న్యాయవాదులకు, వారి సంస్థకు కలిపి న్యూయార్క్‌లోని ఫెడరల్ కోర్టు 2023 జూన్‌లో 5,000 డాలర్ల జరిమానా విధించింది. ఆ తీర్పులను వెదికినవారికి అవి ఎక్కడా కనిపించకపోవడంతో సంగతి బయటపడింది. తప్పుడు ఉత్తర్వు సంఖ్యతో కార్యాలయం నుండి వెళ్లిన మెమోను ఎవరూ వెదకకపోవచ్చు. దాని ఆధారంగా ఒకరి పింఛను దరఖాస్తు తిరస్కరణకు గురికావచ్చు.

సమాచార హక్కు చట్టం, 2005 కింద అందిన దరఖాస్తుకు జవాబు రాయడాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. దరఖాస్తుదారు నాలుగు అంశాలు కోరారనుకుందాం. రెండింటికి సమాచారం సిద్ధంగా ఉన్నది. ఒకటి మరొక కార్యాలయానికి సంబంధించినది. నాలుగవది సెక్షన్ 8 మినహాయింపు కిందికి వస్తుందని పౌర సమాచార అధికారి నిర్ణయించారు. "సమాచార హక్కు దరఖాస్తుకు జవాబు రాయుము" అని మాత్రమే అడిగితే, చూడడానికి చక్కగా ఉండి ఏ కార్యాలయానికైనా అతికే లేఖ వస్తుంది. అట్లు గాక దరఖాస్తు అందిన తేదీ, ఏ అంశంపై ఏ నిర్ణయం తీసుకున్నదీ, ఏ పత్రాలు జతపరుస్తున్నదీ వివరించి, తెలియని చోట ఖాళీ వదలవలసిందిగా కోరితే పనికివచ్చే ముసాయిదా లభిస్తుంది. ఈ చివరి సూచన అన్నిటికన్నా ముఖ్యమైనది. ఖాళీ వదలమని చెప్పకపోతే ఆ ఖాళీని సాధనం తనకు తోచిన దానితో నింపే అవకాశం ఉన్నది.

ముసాయిదా వచ్చిన తరువాతనే అసలు పని మొదలవుతుంది. మరొక కార్యాలయానికి చెందిన అంశాన్ని సెక్షన్ 6(3) ప్రకారం 5 రోజులలోగా బదిలీ చేయాలి. జవాబుకు సాధారణ గడువు 30 రోజులు, వ్యక్తి ప్రాణానికి లేదా స్వేచ్ఛకు సంబంధించిన సమాచారమైతే 48 గంటలు. నిరాకరించిన సందర్భంలో కారణాలను, అప్పీలు గడువును, అప్పీలు అధికారి వివరాలను తెలియజేయాలని సెక్షన్ 7(8) నిర్దేశిస్తున్నది. సాధనం రాసిన లేఖలో అప్పీలు పేరా అసలే ఉండకపోవచ్చు, ఉన్నా "సంబంధిత అధికారి" అన్న మాటతో సరిపెట్టవచ్చు. మారుమూల గ్రామంలోని దరఖాస్తుదారుకు ఆ సంబంధిత అధికారి ఎవరో, ఏ ఊరిలో ఉంటారో తెలియదు. ఆయనను వెదకడంలోనే 30 రోజుల అప్పీలు గడువు గడిచిపోవచ్చు. తగిన కారణం లేకుండా జవాబు ఆలస్యమైతే రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 రూపాయల వరకు జరిమానా పడేది పౌర సమాచార అధికారిపైనే. కంప్యూటరు అలా రాసిందన్న సంజాయిషీకి చట్టంలో చోటు లేదు.

తెలుగులో దస్త్రాలు నడిపే కార్యాలయాలకు మరికొన్ని చిక్కులు ఉన్నాయి. ఆర్జిత సెలవు "సరెండర్"ను లొంగుబాటుగా అనువదిస్తే నవ్వుకుని దిద్దుకోవచ్చు. రెవెన్యూ పరిభాషలో దొర్లే తప్పు అంత తేలికగా కనిపించదు. ఫసలీ సంవత్సరం జూలై 1న మొదలై జూన్ 30న ముగుస్తుంది. ఫసలీ 1434 అనగా 2024 జూలై నుండి 2025 జూన్ వరకు. దానిని ఒకే క్యాలెండరు సంవత్సరంగా మార్చివేస్తే సగం కాలం తారుమారై, రైతు సాగు వివరాలు మరో ఏడాదికి చేరిపోతాయి. పోరంబోకు, బంజరు, ఇనాం వంటి మాటలను అనువదించకుండా ఉన్నవి ఉన్నట్లుగానే ఉంచవలసిందిగా ముందే చెప్పడం మేలు.

అను ఫాంట్లలో టైపు చేసిన పాత పత్రాలది వేరొక సమస్య. అవి కంటికి తెలుగుగా కనిపించినా కంప్యూటరుకు ఆంగ్ల అక్షరాలు, గుర్తులు మాత్రమే. యూనికోడ్‌లోకి మార్చి, మార్పిడిలో ఒత్తులు, దీర్ఘాలు జారిపోలేదని చూసుకున్న తరువాతనే వాటిని సాధనానికి అందించాలి. కేంద్ర ప్రభుత్వం 2022 జూలైలో ప్రారంభించిన భాషిణి వేదిక తెలుగు సహా భారతీయ భాషలలో అనువాదానికి, మాటను రాతగా మార్చడానికి ఉపకరిస్తున్నది. టైపు రాని ఉద్యోగికి ఇది పెద్ద వెసులుబాటే.

అయితే కార్యాలయ దస్త్రాన్ని బయటి సాధనంలో పెట్టడం అంటే ఆ సమాచారం కార్యాలయం దాటి వెళ్లడమే. కేంద్ర ఆర్థిక మంత్రిత్వ శాఖ 2025 జనవరి 29న జారీ చేసిన సూచనలలో, ప్రభుత్వ పత్రాల గోప్యతకు భంగం కలుగుతుందన్న కారణంగా, కార్యాలయ కంప్యూటర్లు, పరికరాలలో చాట్‌జీపీటీ, డీప్‌సీక్ వంటి సాధనాలను వాడరాదని తమ ఉద్యోగులకు తెలిపింది. జిల్లా న్యాయస్థానాలలో నిర్ణయాలు తీసుకోవడానికి ఏఐని ఉపయోగించరాదని కేరళ హైకోర్టు 2025 జూలైలో విధాన పత్రం వెలువరించింది. కాబట్టి తమ శాఖ ఏ సాధనాన్ని అనుమతించినదో తెలుసుకోవడం ఉద్యోగి మొదటి కర్తవ్యం. అనుమతి ఉన్నచోట కూడా లబ్ధిదారు ఆధార్ సంఖ్య, బ్యాంకు ఖాతా, వైద్య ధ్రువపత్రం వంటివి ఇవ్వవలసిన అవసరం ముసాయిదాకు ఎన్నడూ ఉండదు. పేరు తీసివేసినంత మాత్రాన సరిపోదు. గ్రామం పేరు, సర్వే నంబరు కలిసి ఉంటే ఆ రైతు ఎవరో ఊరంతటికీ తెలుస్తుంది.

సమయం ఎంత కలిసివస్తుందన్న ప్రశ్నకు బ్రిటన్ అనుభవం కొంత వెలుగు చూపుతున్నది. 2024 చివరి మూడు నెలలలో అక్కడ 20,000 మంది ప్రభుత్వ ఉద్యోగులు మైక్రోసాఫ్ట్ కోపైలట్‌ను పరీక్షించి, సగటున రోజుకు 26 నిమిషాలు ఆదా అయినట్లు తెలిపారు. ఇది ఉద్యోగులు స్వయంగా వేసుకున్న లెక్క అని గుర్తుంచుకోవాలి. అక్కడి వాణిజ్య శాఖ జరిపిన వేరొక మూల్యాంకనంలో సమావేశాల సారాంశాలు, ఈమెయిళ్ల వంటి రాతపనిలో ప్రయోజనం కనిపించినా, ఎక్సెల్ పట్టికల విశ్లేషణలో పని మందగించి నాణ్యత తగ్గినట్లు తేలింది. జీతాల బిల్లు, బడ్జెటు పట్టిక కూడికలకు పాత పద్ధతిలోని సూత్రాలే నమ్మదగినవి.

కొత్తగా చేరిన జూనియర్ అసిస్టెంటు విషయంలో సెక్షన్ సూపరింటెండెంట్లు ప్రత్యేక శ్రద్ధ వహించవలసి ఉన్నది. నోటు రాసి, పై అధికారి ఎర్ర సిరాతో దిద్దగా మళ్లీ రాసి నిబంధనలు వంటబట్టించుకున్న సీనియర్లు యంత్రం చేసిన తప్పును చూడగానే పట్టుకుంటారు. మొదటి రోజు నుండే యంత్రం చేత రాయించిన ఉద్యోగికి ఆ చూపు ఎక్కడి నుండి వస్తుంది? అటువంటి వారి చేత ముందుగా బహిరంగంగా ఉన్న ఒక ప్రభుత్వ ఉత్తర్వుకు స్వయంగా సారాంశం రాయించి, ఆ తరువాత అదే ఉత్తర్వుకు సాధనం ఇచ్చిన సారాంశంతో పోల్పించడం మంచి అభ్యాసం. మినహాయింపులు, అమలు తేదీ, "ఇందుకు లోబడి" వంటి షరతులు ఎక్కడ జారిపోయాయో ఆ పోలికలో బయటపడుతుంది. ముసాయిదాను సంతకానికి పంపేటప్పుడు అందులో ఉదహరించిన ప్రతి నిబంధన అసలు ప్రతిని కూడా దస్త్రంలో జతపరిస్తే, తనిఖీ చేసే అధికారికి వెదుకులాట తప్పుతుంది. ప్రతి దొరకని ఉదాహరణను ముసాయిదా నుండి కొట్టివేయవచ్చు.