వెలికి కాగితం ఉండదు

నలుగురు కలిసి బతికే చోట కట్టుబాట్లు ఉంటాయి, తప్పినవాళ్లను మందలించే పెద్దలూ ఉంటారు. కట్టుబాటు ఎందుకని మేము అడగడం లేదు. తీర్పు చెప్పిందెవరు? ఏ తప్పుకు చెప్పిండ్రు? అవతలి మనిషి మాట విన్నరా? తీర్పు తప్పైతే ఎవరి దగ్గరికి పోవాలె? దళితుల అనుభవం నుంచి అడగవలసిన ప్రశ్నలు ఇవి.

నెల్లికుదురు దిక్కు ఊళ్లల్ల ఏ సంగతైనా డప్పు చాటింపుతో తెలిసేది. (ఆ డప్పు కొట్టేది మాదిగే, తన మీది తీర్పునైనా తానే చాటాలె.) వెలికి మాత్రం చాలాసార్లు చాటింపుతో కూడా పని లేదు. రాత్రి పెద్దమనుషులు కూచుంటారు. తెల్లారి కూలికి పిలుపు రాదు, కొట్లో ఉప్పు పుట్టదు, కౌలు భూమి చెయ్యి జారుతుంది. అడిగితే "మేమేమన్నం? ఎవరిష్టం వాళ్లది" అంటారు. ఠాణాకు పోతే ఆధారం ఏదంటారు. చుండూరులో 1991 ఆగస్టు 6 హత్యాకాండకు ముందు జరిగింది సాంఘిక బహిష్కరణే. 2017లో గరగపర్రులో అంబేద్కర్ విగ్రహం దగ్గర మొదలైన గొడవ అక్కడికే పోయింది.

ఈ "ఎవరిష్టం వాళ్లది" అన్న మాటలోని మోసాన్ని పసిగట్టిన వాళ్లు ముందే ఉన్నారు. బొంబాయి ప్రభుత్వం 1928లో వేసిన స్టార్ట్ కమిటీలో అంబేద్కర్ సభ్యుడు. బహిష్కరణ ముందు బాహాటమైన దౌర్జన్యం కూడా చిన్నదేనని, పైగా అది ఒప్పంద స్వేచ్ఛ పేరుతో చట్టబద్ధంగా చెలామణి అవుతుందని ఆ కమిటీ గుర్తించింది. 1930లో రౌండ్ టేబుల్ సమావేశానికి అంబేద్కర్, రెట్టమలై శ్రీనివాసన్ ఇచ్చిన పత్రం బహిష్కరణను నేరం చేయమని కోరింది. అందుకు నమూనా 1922 నాటి బర్మా చట్టం. మన అత్యాచారాల నిరోధక చట్టంలో సాంఘిక, ఆర్థిక బహిష్కరణ స్పష్టంగా నేరమైంది 2015 సవరణతో. అది అమలులోకి వచ్చింది 2016 జనవరి 26న.

దానికి తొమ్మిది రోజుల ముందే, జనవరి 17న, రోహిత్ వేముల చనిపోయాడు. అక్కడ కాగితం ఉంది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో 2015 ఆగస్టు గొడవ తర్వాత అంబేద్కర్ విద్యార్థి సంఘానికి చెందిన ఐదుగురు దళిత పరిశోధకులను సస్పెండ్ చేశారు, తర్వాత ఆపారు, డిసెంబరులో మళ్లీ శిక్ష ఖరారు చేశారు. హాస్టలు, పరిపాలనా భవనం, ఉమ్మడి స్థలాలు, విద్యార్థి ఎన్నికలు అన్నీ నిషిద్ధం. మధ్యలో కేంద్ర మంత్రి లేఖ, దాని మీద మానవ వనరుల శాఖ గుర్తుచేస్తూ పంపిన ఉత్తరాలు నడిచాయి. విచారణ చేసేవాడి మీద పైనుంచి ఉత్తరాలు పడుతుంటే ఆ విచారణ నిష్పాక్షికమని ఎవరు నమ్మాలె? హాస్టలు నుంచి వెళ్లగొట్టిన ఆ పిల్లలు ఆరుబయట వేసుకున్న గుడారానికి వెలివాడ అని పేరు పెట్టుకున్నారు. శిక్షకు ఊళ్లో ఉన్న పేరేందో వాళ్లకు తెలుసు.

ఇంతవరకు శత్రువు గురించి. మన సంగతేంది? మన సంఘాల్లో ఒక కార్యకర్తను తీసేస్తే కరపత్రంలో కనిపించేది "సంఘ వ్యతిరేక కార్యకలాపాలు" అన్న రెండు మూడు మాటలే. ఫిర్యాదు చేసినవాడే కమిటీలో కూచుంటాడు. తీసేసిన మనిషి జవాబు ఎక్కడా అచ్చు కాదు. మనువాదాన్ని తిట్టే నోటితోనే మనమూ వెలి వేస్తున్నామా అని అడిగితే కొందరు మిత్రులకు కోపం వస్తుంది. రానీ.

ఇంకో పద్ధతిని మన పల్లెలు చూశాయి. ఉపాధి హామీ పనుల మీద 2006లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన సామాజిక తనిఖీలో మస్టర్ రోల్ పేర్లు సభలో పైకి చదివేవారు. చదువు రాని కూలి తల్లి కూడా లేచి "ఆ వారం నేను పనికే పోలేదు, నా పేరు మీద పైసలెట్ల పడ్డయి" అని అడగగలిగేది. సంఘంలోనూ అట్లనే ఆరోపణ, దానికి ఆ మనిషి ఇచ్చిన జవాబు, కమిటీ చెప్పిన కారణం సర్వసభ్య సమావేశంలో చదవాలని మా ప్రతిపాదన. అప్పీలు వినేవాళ్లలో తీసేసిన కమిటీవాళ్లు ఒక్కరూ ఉండొద్దు. సంఘం గుట్టు రట్టవుతుందని ఒక అభ్యంతరం ఉంది. వేధింపుల మీద ఫిర్యాదు చేసిన ఆడమనిషి పేరు దాచాల్సిందే, అందులో మాకు రెండో మాట లేదు. ఆరోపణ ఏమిటో మాత్రం, కనీసం ఆ మనిషికైనా, దాచొద్దు.