పెరటి కొలనుకు ఏ మొక్కలు మేలు?

పెరటిలో చిన్న కొలను త్రవ్వుకోవాలని, లేదా సిమెంటు తొట్టిలో తామరలు పెంచుకోవాలని ఆశపడే కుటుంబాలు మన పల్లెల్లో ఎన్నో ఉన్నాయి. మంచి కోరికే. అయితే పువ్వు అందము చూచుటకు ముందు, ఆ మొక్క నీటికి మేలు చేస్తుందా, కీడు చేస్తుందా అని ఆలోచించాలని మేము మనవి చేస్తున్నాము.

గోదావరి, కృష్ణా డెల్టా కాలువల్లో గుర్రపు డెక్కను చూడనివారు ఉండరు. ఊదారంగు పూలు ముచ్చటగానే ఉంటాయి. దక్షిణ అమెరికా నుండి వచ్చిన ఈ మొక్క అనుకూలించిన చోట సుమారు 2 వారాల్లోనే రెట్టింపవుతుంది. నీటిని దుప్పటివలె కప్పివేస్తుంది. వెలుతురు లోపలికి పోదు. అడుగున ఉన్న మొక్కలు చచ్చి కుళ్లుతాయి. ప్రాణవాయువు తగ్గి, తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. ఒక్క మొక్కే కదా అని దానిని ఇంటికి తేకండి. అంతర తామర సంగతీ అంతే.

మరి ఏవి వేయాలి? మూడు రకాలు కలిసి ఉండాలి.

మొదటిది, నీటి అడుగున పెరిగే నాచు మొక్కలు. ఇవి పగటివేళ నీటికి ప్రాణవాయువునిస్తాయి. కొద్దిగానే ఉంచండి, రాత్రివేళ ఇవే దానిని పీల్చుకుంటాయి.

రెండవది, కలువ లేక తామర. కలువ ఆకు నీటిపై తేలుతుంది. తామర ఆకు నీటిపైకి లేచి నిలుస్తుంది. వీటి నీడ నీరు పచ్చబడకుండా కాపాడుతుంది. తామర దుంప త్వరగా పాకుతుంది కనుక బంకమట్టి నింపిన వెడల్పాటి కుండీలో నాటి నీటిలో దించండి. పచ్చిపేడ వేయవద్దు. రోజుకు 5, 6 గంటల ఎండ తగలాలి.

మూడవది, గట్టువెంట వస, చేమ, మెట్టతామర వంటివి. నీటిలోని అధిక సారాన్ని వీటి వేళ్లు పీల్చుకుంటాయి.

ఆకులు నీటిలో సగానికి మించి కప్పకుండా చూడండి. పండుటాకులను వారానికోసారి తీసివేయండి. తీసిన మొక్కలను కాలువలో పారవేయక ఎరువుగుంటలో వేయండి.

దోమల మాట మరువరాదు. వేసవిలో గ్రుడ్డు దోమగా మారుటకు 7 నుండి 10 రోజులు చాలు. కొన్ని గప్పీ చేపలను వదిలితే దోమపిల్లలను తినివేస్తాయి. అవి ఈదుటకు ఆకుల మధ్య ఖాళీ నీరు ఉండాలి. ఇంట పసిపిల్లలుంటే కొలను చుట్టూ కంచె తప్పనిసరి.

త్వరగా నిండే కొలను త్వరగానే చెడుతుంది. కొద్ది మొక్కలతో మొదలుపెట్టి ఒక వర్షాకాలము ఓపిక పట్టండి. నీరు తేటగా నిలిస్తే మీ ఎంపిక సరియైనదే.